భువనగిరి బండ మీద ఒక పూట

ఉప్పల్ దాటేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. డిసెంబరు చలి. ఘట్‌కేసర్ వెళ్లిపోయింది, బీబీనగర్ దగ్గర ఎయిమ్స్ దీపాలు కనబడతాయి. ఎంత నిద్రమత్తులో ఉన్నా ఆ దీపాల్ని ఒకసారి గుర్తుపెట్టుకోండి. బండలెక్కడానికి వెళ్లేవాళ్లు దారిలో టిఫిన్ హోటలు కన్నా ముందు చూసుకోవాల్సింది ఆసుపత్రి. ఇక్కణ్నుంచి భువనగిరి పావుగంట, ఇరవై నిమిషాల ప్రయాణం. అత్యవసర విభాగానికి ఏ గేటు నుంచి వెళ్లాలో బండి నడిపే మనిషికి తెలిసి ఉంటే చాలు, సగం భయం తగ్గుతుంది.

ఊరు వచ్చిందని బోర్డు చెప్పేలోపే కొండ చెప్పేస్తుంది. చీకట్లో ఇంకా చిక్కని చీకటిగా ఆకాశంలో సగం ఆక్రమించి నిలబడి ఉంటుంది. ఐదు వందల అడుగుల పైచిలుకు ఎత్తు, అంతా ఒకటే రాయి. కల్యాణి చాళుక్యుల్లో త్రిభువనమల్లుడనే బిరుదున్న ఆరో విక్రమాదిత్యుడి కాలంలో దీని నెత్తిన కోట వెలిసింది. రాయి వయసు ముందు కోట వయసు లెక్కలోకి రాదు. దక్కన్‌లోని ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలున్నాయి. మీరు ఆ దారిన పోవడం లేదు.

బండ అడుగున చదునైన చోట నీలం టార్పాలిన్ పరిచి ఉంది. దాని మీద హెల్మెట్లు, హార్నెస్‌లు, మూత తెరుచుకునే లోహపు కొక్కేలైన కారబైనర్లు వరసగా పెట్టి ఉన్నాయి. శిక్షకుడు ఈ ఊరి కుర్రాడే, ముప్పై దాటి ఉండవు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, తాడు సంచి మూతి విప్పుతాడు.

"ఎక్కుడు తర్వాత. ముందుగాల తాడు జూద్దాం."

అరవై మీటర్ల తాడు, పది మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ లావు. ఒక కొస మీ చేతికిచ్చి, మొత్తం తాడును మీ వేళ్ల మధ్య నుంచి పారించమంటాడు. మొదటి పది మీటర్లు ఇదేం చాదస్తం అనిపిస్తుంది. తర్వాత వేళ్లకు పని తెలుస్తుంది. ఎక్కడైనా మెత్తగా నలిగిందా, ఉబ్బిందా, పైతొడుగు పీచు లేచిందా, మడిస్తే గుండ్రంగా వంగాల్సింది పుటుక్కున మడత పడుతోందా అని అవే వెతుకుతాయి. తాడు పైకి కనిపించే రంగురంగుల అల్లిక వట్టి తొడుగు. బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది లోపలి తెల్లటి నైలాన్ పోగులు. తొడుగు చెక్కుచెదరకుండా ఉండి లోపల పోగులు దెబ్బతినడం జరుగుతుంది, అందుకే కళ్లను నమ్మడు, వేళ్లను నమ్మమంటాడు. సంచి జేబులో ఒక చిన్న నోటు పుస్తకం కూడా ఉంది. తాడు ఎప్పుడు కొన్నారు, ఏ రోజు ఎంతమంది ఎక్కారు, ఎన్నిసార్లు గట్టిగా జారి పడ్డారు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆ పుస్తకం చూశాక ఈ మనిషితో ఎక్కవచ్చు అని మీకు మీరే అనుకుంటారు.

చేంతాడు, మోకు, ట్రాక్టరుకు కట్టే నైలాన్ తాడు మన ఇళ్లలో కొత్త కాదు. "గట్టి తాడే కదా, హార్డ్‌వేర్ షాపులో లావుపాటిది కొనుక్కోవచ్చు కదా" అనే మాట ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అంటారు. తాడు తెగకపోవడం ఒక్కటే చాలదు. పడ్డ మనిషిని అది సాగుతూ ఆపాలి. సాగని తాడు మీద నాలుగు మీటర్లు జారి పడితే ఆ కుదుపంతా నడుము మీద, వెన్ను మీద, పైన కట్టిన మేకు మీద పడుతుంది. అందుకే ఎక్కేవాళ్ల తాడుకు డైనమిక్ రోప్ అనే వేరే జాతి ఉంది. తయారీలో 80 కిలోల దిమ్మెను మళ్లీ మళ్లీ కిందికి వదిలి పరీక్షిస్తారు. కనీసం ఐదుసార్లు తెగకుండా నిలవాలి. మొదటి కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. ఒక కిలోన్యూటన్ అంటే వంద కిలోల బరువు వేలాడినట్టు అనుకోండి. తాడు కొసన చుట్టిన కాగితపు పట్టీ మీద ఈఎన్ 892 అన్న అంకె ఉందో లేదో చూడండి. దిగడానికి వాడే స్టాటిక్ రోప్ వేరు, అది సాగదు, కిందికి దిగేటప్పుడు అదే సుఖం. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాళ్లు పోల్చలేరు. అడగడానికి సిగ్గుపడకండి.

ఒక మాట ఇప్పుడే చెప్పాలి. తాడును ఇంటికి తెస్తే ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టకండి. బ్యాటరీ ఆసిడ్ ఆవిరి, చిందు తగిలినా నైలాన్ లోపల్లోపల చచ్చిపోతుంది, పైకి మచ్చ కూడా కనబడకపోవచ్చు. కారు డిక్కీలో ఎండకు వదిలేయడం కూడా మంచిది కాదు. వాడకపోయినా పదేళ్లకు మించి ఏ తాడూ ఉంచుకోరు. వారం వారం ఎక్కేవాళ్లు ఏడాదికే మార్చేస్తారు.

తూర్పున వెలుగు రేకు వస్తోంది. హార్నెస్ వేసుకోండి. నడుము పట్టీ ప్యాంటు బెల్టు కట్టుకునే చోట కాదు, తుంటి ఎముకల పైన, బొడ్డు దగ్గర బిగించాలి. తలకిందులైతే జారిపోకుండా ఆపేవి ఆ ఎముకలే. పట్టీ లోపల అరచేయి దూరాలి, పిడికిలి బిగిస్తే బయటికి రాకూడదు. బొజ్జ ఉన్నవాళ్లకు ఇది కష్టం. పట్టీ తొడల వైపు జారుతూనే ఉంటుంది. వాళ్లకు ఛాతీ హార్నెస్ కూడా వేయించడం మంచిది. ఇక హెల్మెట్. పక్కనున్న కుర్రాడు తన బైకు హెల్మెట్ తెచ్చుకున్నాడు. శిక్షకుడు నవ్వకుండా దాన్ని తీసి పక్కన పెట్టి, ఇంకొకటి ఇస్తాడు. బైకు హెల్మెట్ బరువుకు మెడ పైకెత్తలేం. బండ ఎక్కేవాడు పైకి చూడలేకపోతే ఇంకేముంది?

"చెల్లె, ఉంగరం తియ్యి. గాజులు గుడ. చున్నీ బ్యాగులవెట్టు."

ఇంజినీరింగ్ చదివే అమ్మాయి మొహం చిట్లిస్తుంది గానీ తీస్తుంది. రాతి సందులో ఉంగరం ఇరుక్కుని ఒళ్లు జారితే వేలి మీది కండ ఊడి వస్తుంది. మాట వినడానికే ఒళ్లు జలదరిస్తుంది, కానీ చెప్పక తప్పదు. మెళ్లో ఉన్నవి చొక్కా లోపలికి దోపుకోవాలి. జుట్టు ముడి వేసి హెల్మెట్ లోపలికి. కిందికి దిగేటప్పుడు విరబోసుకున్న జుట్టు, తాడును పట్టి దింపే పరికరమైన డిసెండర్‌లోకి లాక్కుపోతే గాల్లో వేలాడుతూ విడిపించుకోవడం ఎవరి వల్లా కాదు.

ముడి. ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి వేసి, హార్నెస్ రెండు ఉచ్చుల్లోంచి తాడు దూర్చి, అదే దారిన వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక తాడు ఎక్కడ చూసినా జంటగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉండాలి. అయిదు జంటలు లెక్కపెట్టండి. చివర జానెడు మిగలాలి. మీరు వేసిన ముడిని పక్కవాళ్లు చూడాలి, వాళ్ల బక్కిల్‌ని మీరు చూడాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే. నిజానికి అనుభవం ఉన్నవాళ్ల ముడినే ఇంకోసారి చూడాలి. మాటల్లో పడి ముడి సగంలో వదిలేసి ఎక్కేది కొత్తవాళ్లు కాదు, వాళ్లే.

ఆ అమ్మాయి గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకుని వచ్చిందట. అక్కడా ఇంతేనంటుంది. గొండోలా ఎక్కి అఫర్వాట్ వాలు మీదికి వెళ్లినప్పుడు, కంచె దాటి కాలు పెట్టేముందు గైడు అందర్నీ ఒకరి వెంట ఒకరిని తన ముందు నుంచి నడిపించి, ఒంటికి కట్టుకున్న ట్రాన్సీవర్ కూత వినబడుతోందో లేదో చూస్తాడు. మంచు చరియ విరిగిపడి కూరుకుపోయిన మనిషిని వెతికే రేడియో అది. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ మీదే పలుకుతాయి. దానికి తోడు మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, తవ్వడానికి లోహపు పార. మూడూ ఉండాలి, మూడూ వాడటం వచ్చి ఉండాలి. పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ. పైనుంచి సాయం వచ్చేలోపు ఆ సమయం అయిపోతుంది. పక్కనున్న స్నేహితుడే తవ్వాలి. మంచైనా రాయైనా ప్రాణం పక్కవాడి చేతిలో ఉంటుందన్నది ఆమె అక్కడే తెలుసుకుంది కాబట్టి, మీ ముడిని మీ కన్నా శ్రద్ధగా చూస్తోంది.

ఇప్పుడు బండ దగ్గరికి. పడమటి వైపు చరియ ఇది, పొద్దెక్కే దాకా నీడలోనే ఉంటుంది. శిక్షకుడు ఎక్కడం మొదలుపెట్టడు. వెనక్కి పది అడుగులు వేసి మెడ ఎత్తి, రాతి చూరు కిందా సందుల్లోనూ వెతుకుతాడు. తేనెపట్టు. మన కొండల మీద మనుషుల్ని నిజంగా దెబ్బతీసేది పాములు కాదు, కొండ తేనెటీగలు. ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావి లేస్తాయి. తాడుకు వేలాడుతున్న మనిషి పారిపోలేడు. అందుకే సెంటు పూసుకు రావద్దన్నాడు, బీడీ సిగరెట్టు ముట్టించొద్దన్నాడు. పట్టు కనబడితే ఆ పూటకు ఆ వైపు పని లేదు. ఈరోజు ఏమీ లేదు.

తర్వాత పిడికిలితో రాతిని తడతాడు. టక్, టక్. ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ తడతాడు. ఈసారి మోత మారింది, డొల్లగా, లోతుగా. గ్రానైటు బండ ఎండకూ చలికీ వేల ఏళ్లుగా పొరలు పొరలుగా లేస్తుంటుంది. పైకి గట్టిగా కనిపించే పలక కింద ఖాళీ ఉంటుంది. "గిది గుంజకుండ్రి. కింద మీ దోస్తు నిలవడ్డడు." మీ చెయ్యి కూడా తీసుకుని ఆ రెండు మోతలూ మీ చేతే కొట్టిస్తాడు. ఈ తేడా విన్నాక ఎక్కినంత సేపూ చేయి వేసే ముందు తట్టకుండా ఉండలేరు.

బూట్లు తొడుక్కోండి. మేజోళ్లు వద్దు. వేళ్లు కొసదాకా తగలాలి గానీ ముడుచుకుని ఏడవకూడదు. కొక్కెంలా వంగిన ఖరీదైన బూట్లు వేలాడే గోడల కోసం, ఈ వాలు బండలకు అడుగు చదునుగా ఉన్నవే మేలు. అరికాలి రబ్బరుకు దుమ్ము అంటి ఉంటుంది. కాస్త తడి చేసి, అరచేత్తో కీచుమనే దాకా రుద్దండి. మీకూ రాయికీ మధ్య ఉన్నది ఆ నాలుగు మిల్లీమీటర్ల రబ్బరే.

"బిలే?"

"బిలే ఆన్. ఎక్కుండ్రి." బిలే అంటే ఎక్కేవాళ్లు పడిపోకుండా కింది మనిషి తాడు పట్టుకుని ఉండటం.

దగ్గరికి వెళ్లి చూస్తే బండ నున్నగా లేదు. బూడిద రంగు రాతిలో గులాబీ పలుకులు, నల్లటి అభ్రకం చుక్కలు, అక్కడక్కడ గాజులా మెరిసే పలుగు. ఆ పలుకులు అర సెంటీమీటరు పొడుచుకుని వచ్చి ఉంటాయి. మెట్టు అంటే అదే. వానాకాలంలో నీళ్లు పారిన చోట నిలువునా నల్లటి చారలున్నాయి, అది నాచు. పొడిగా ఉంటే పరవాలేదు. తడి తగిలిందో, దాని మీద కాలు ఆగదు. వాన వెలిసిన మర్నాడు ఈ బండల దగ్గరికి రాకూడదని చెప్పేది అందుకే.

మొదటి నాలుగు అడుగులు సులువు. ఐదో అడుగు దగ్గర చేతికి పట్టు దొరకదు. ఒళ్లు బండకు అతుక్కుపోతుంది. పొట్ట, ఛాతీ, చెంప కూడా రాతికి ఆనించేస్తారు. అది సహజం, అది తప్పు. ఒళ్లు రాతికి అతుక్కున్న కొద్దీ బరువు కాలి మీంచి తప్పిపోయి బూటు జారుతుంది. మడమ పైకి లేచింది, పిక్క బిగుసుకుంది, కుడికాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకా ఆడుతోంది. ఆపుదామన్నా ఆగదు.

"మడిమె కిందికి దించుండ్రి. నడుము ఎనుకకు. చేతుల మీద ఏలాడకుండ్రి, కాళ్ల మీద నిలవడుండ్రి. నేను పట్టుకున్న, ఏం గాదు."

మడమ దించుతారు. రబ్బరు అంతా రాతికి పరుచుకుంటుంది. నడుము జానెడు వెనక్కి వస్తుంది. చెంప రాతిని వదులుతుంది. నమ్మశక్యం కాదు గానీ, కాలు ఆగింది. ఇందాక నున్నగా తోచిన చోటే ఇప్పుడు చూపుకు నాలుగు గరుకు చోట్లు కనబడుతున్నాయి. చిన్న అడుగు. ఇంకో చిన్న అడుగు. పొడుగ్గా కాలు చాపి అంది పుచ్చుకోవాలన్న తొందర వద్దు. జబ్బల బలమున్న జిమ్ము కుర్రాళ్లు ఇక్కడ పది మీటర్లకే ఆయాసపడతారు. ఇంట్లో బట్టలుతికి, బిందెలు మోసి, నడుము వంచి పనిచేసే ఆడవాళ్లు నెమ్మదిగా పైదాకా పోతారు. ఇది పొగడ్త కాదు. బరువు ఎక్కడ ఉందో వాళ్ల ఒంటికి తెలుసు.

నడుముకున్న సంచిలోంచి చిటికెడు చాక్ తీసి చేతులకు రాసుకోండి. అది బడిలో సుద్దముక్క కాదు, మెగ్నీషియం కార్బొనేట్. చెమట పీలుస్తుంది, అంతే. ప్రతి అడుగుకూ రాసుకుంటున్నారంటే కావాల్సింది చాక్ కాదు, ఒక నిమిషం ఊపిరి.

పైన యాంకర్. రాతిలో దించిన రెండు స్టీలు బోల్టులు. తుప్పు లేదు, చేత్తో కదిపితే కదలడం లేదు. రెంటినీ కలుపుతూ పట్టీ, పట్టీ కొసన తాళం పడే కారబైనర్లు రెండు, ఎదురెదురు మొహాలతో. కారబైనర్ వీపు మీద సన్నటి అంకెలు చెక్కి ఉన్నాయి చూడండి. నిలువు గీత పక్కన 22, అడ్డగీత పక్కన 7, మూత తెరిచిన బొమ్మ పక్కన ఇంకో 7. సరిగా నిలువునా లాగితే 22 కిలోన్యూటన్లు, పక్కకు తిరిగితేనో మూత తెరుచుకుంటేనో అందులో మూడో వంతు. కీచైన్ కోసం అమ్మే వాటి మీద ఈ అంకెలు ఉండవు. రెండు బోల్టుల నుంచి వచ్చే పట్టీల మధ్య కోణం కూడా గమనించండి. అరవై డిగ్రీలు దాటకూడదు. నూట ఇరవై డిగ్రీలకు పోతే ఒక్కో బోల్టు మీద మీ బరువంతా పడుతుంది, రెండు ఉండీ లాభం లేదు.

"టేక్!" అని అరిచి వెనక్కి వాలండి. ఎక్కడం కన్నా ఇదే కష్టం. మెదడు ఒప్పుకోదు. తాడు బిగుసుకుంటుంది, హార్నెస్ తొడల కింద పట్టుకుంటుంది. కాళ్లు వెడల్పుగా పెట్టి, బండకు అడ్డంగా కూర్చున్నట్టు నడుస్తూ దిగండి. కింద బిలే చేసే మనిషి చేతులు చూడండి. ఒక చెయ్యి ఏం చేసినా, బ్రేకు వైపు చెయ్యి మాత్రం తాడును వదలదు, ముక్కు దురద పెట్టినా వదలదు. తాడు రెండో కొసకు ముడి వేసి ఉంది. ముప్పై మీటర్ల కన్నా ఎత్తైన చోట అరవై మీటర్ల తాడు చాలదు. కొస బిలే పరికరంలోంచి జారిపోయి పడ్డవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ ముడి వెయ్యడానికి పది సెకన్లు పడుతుంది.

కింద కూర్చుని నీళ్లు తాగుతుంటే శిక్షకుడు చరియ అంచు చూపిస్తాడు. ఈ బండల మీదే గురుకుల పిల్లలు శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర మొదటి పాఠాలు నేర్చుకున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్‌కుమార్ వాళ్లలో ఇద్దరు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేనాటికి పూర్ణకు 13 ఏళ్ల 11 నెలలు. డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణలు తర్వాత వచ్చాయి. మంచు ఎరగని పిల్లలకు ఎత్తంటే భయం పోయింది ఈ రాతి మీద.

రెండో దారి నెర్రె. బండ నిలువునా చీలి, అరచెయ్యి పట్టేంత సందు పైదాకా పోయింది. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు, చేతినే ఇరికించాలి. అరచేతిని బారుగా లోపలికి దూర్చి, బొటనవేలిని అరచేతి లోపలికి ముడవండి. చెయ్యి ఉబ్బి సందును నింపేస్తుంది. బరువు వేయండి. నొప్పి పుడుతుంది, వీపుచెయ్యి తోలు గీరుకుంటుంది, కానీ చెయ్యి రాదు. మెడికల్ షాపులో దొరికే గుడ్డ టేపును మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా చుట్టుకుంటే ఆ గీరుడు తగ్గుతుంది. కాలునూ అంతే, పక్కకు తిప్పి దూర్చి, మోకాలు నిలబెట్టాలి. సందులో ముందుగా టార్చి వేసి చూడడం మరిచిపోవద్దు. తేళ్లకూ బల్లులకూ అదే ఇల్లు. ఈ నెర్రెలో మొదటిసారి ఎవరూ పైదాకా పోరు. సగంలో తాడు మీద కూర్చుని, చేతుల వైపు చూసుకుని నవ్వుకుని దిగుతారు. దిగండి, తప్పేం లేదు.

పదిన్నరకు ఎండ చరియ మీదికి ఒరుగుతుంది. రాయి వేడెక్కిన కొద్దీ రబ్బరు పట్టు సడలుతుంది, చేతికి చెమట పడుతుంది. డిసెంబరులోనే ఇలా ఉంటే మే నెలలో ఈ బండ మీద అరచెయ్యి ఆనదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, ఉప్పేసిన మజ్జిగ సీసా ఒకటి. కూల్‌డ్రింకులు వద్దు. పెరుగన్నం తెచ్చుకున్నవాళ్లు తెలివైనవాళ్లు, కానీ కోతుల కంటబడకుండా దాచుకోండి.

చివరిగా ర్యాపెలింగ్, అంటే తాడు మీద కిందికి దిగడం. ఫొటోలన్నీ దీనివే వస్తాయి. సెలవుల్లో పెద్ద బృందాలను తీసుకొచ్చే నిర్వాహకుల్లో చాలామంది దీన్ని పదినిమిషాల ఆటలా జరిపించేస్తారు. నా లెక్కలో ఆ రోజంతటిలో ఎక్కువ జాగ్రత్త పెట్టాల్సింది దీని మీదే. ఎక్కేటప్పుడు మీరు జారితే తాడు ఆపుతుంది. దిగేటప్పుడు మీ బరువంతా మొదటి క్షణం నుంచీ ఆ పరికరం మీద, ఆ బోల్టుల మీద ఉంటుంది. విడిగా ఇంకో తాడుతో పైనుంచి ఒక మనిషి మిమ్మల్ని పట్టుకుని ఉండాలి. ఆ రెండో తాడు లేకపోతే అంచు దాటకండి. "వెనకాల లైనుంది, తొందరగా" అని ఎవరైనా అంటే అసలు దాటకండి. ఎవరైనా మధ్యలో స్పృహ తప్పి హార్నెస్‌కు వేలాడుతుంటే వెంటనే దించాలి. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, నిమిషాల్లో ప్రమాదం ముదురుతుంది.

సామాను సర్దుకుని రోడ్డెక్కితే తాటి వనం. నడుముకు మోకు, ముత్తాదు తగిలించుకున్న గీత కార్మికుడొకడు చెట్టు దిగుతున్నాడు. మనం సెలవు రోజు డబ్బు కట్టి చేసే పని ఆయన రోజూ కూలి కోసం చేస్తాడు, హెల్మెట్ లేకుండా. చెట్టు మీంచి పడి నడుములు విరిగినవాళ్లు ఈ జిల్లాల్లో ఊరూరా కనబడతారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పడితే ఆపే తాడు కొండలెక్కే సరదా ఉన్నవాళ్లకే దక్కిందన్న మాట. ఆలస్యంగానైనా సరైన పని జరిగింది.

ఇక కొనడం సంగతి. మొదటి రెండు మూడు సార్లు ఏమీ కొనకండి, అద్దెకు ఇచ్చేవే వాడండి. కొనాలనిపిస్తే మొదట హెల్మెట్, రెండోది బూట్లు, మూడోది మీ నడుముకు సరిగ్గా కుదిరే హార్నెస్. హెల్మెట్ మీద ఈఎన్ 12492, హార్నెస్ మీద ఈఎన్ 12277 అని ఉండాలి. తాడు అన్నిటికన్నా చివర, అదీ బిలే నేర్చుకుని, యాంకర్ కట్టడం ఒకరి పర్యవేక్షణలో చేసి చూశాక. పాత హెల్మెట్, పాత హార్నెస్, పాత తాడు ఎవరి దగ్గరా సెకండ్‌హ్యాండ్‌కు తీసుకోవద్దు, ఎంత చవకైనా సరే. వాటికి ఏం జరిగిందో అమ్మేవాళ్లకే తెలియకపోవచ్చు. బూట్లు మాత్రం తీసుకోవచ్చు.

కోట గోడలకు, బురుజులకు తాళ్లు కట్టొద్దు. కొత్త బోల్టులు కొట్టాలని ఉబలాటపడొద్దు. బండ మీద పేర్లు రాసేవాళ్లు కనిపిస్తే వారించండి. డబ్బు కట్టేముందు నిర్వాహకుడికి ఫోను చేసి మూడే అడగండి. తాడు ఎప్పుడు కొన్నారు? ర్యాపెలింగ్‌కు రెండో తాడు వేస్తారా? ఒక శిక్షకుడికి ఎంతమందిని అప్పగిస్తారు? మూడింటికీ నసగకుండా జవాబు వస్తే వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బండ చల్లగా ఉంటుంది. మార్చి వచ్చిందంటే మళ్లీ నవంబరు దాకా ఆగండి.